తోక ముందున్న మాటలు

మన భాషలో తోక వెనకుంటుంది. గారు అన్నా, అయ్య అన్నా, అమ్మ అన్నా పేరు ముందు నడుస్తుంది, మర్యాద దాని వెనకాల వస్తుంది. ఇంగ్లీషులో అలా కాదు. మనిషి గడప దాటకముందే తోక లోపలికొచ్చి కూర్చుంటుంది. సబ్ అంటుంది, వైస్ అంటుంది, డిప్యూటీ అంటుంది, జూనియర్ అంటుంది. అది విన్నాక, వెనకొచ్చే మనిషిని తలెత్తి చూసేవాడు ఉండడు.

ఇది టీచరమ్మ సిద్ధాంతం. ఆవిడ స్కూల్లో అసిస్టెంట్ టీచరుగా చేరి అసిస్టెంట్ టీచరుగానే బయటికొచ్చింది కాబట్టి, ఈ విషయంలో ఆవిడకి ఎదురు చెప్పే అర్హత వీధిలో ఎవరికీ లేదు. ఇప్పుడు రైల్వే క్వార్టర్సులో తన ముందు గదిలోనే ఒక నల్లబల్ల గోడకి ఆనించి, ఇంటర్వ్యూలకి వెళ్ళేవాళ్ళకి సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతోంది. బట్టల కొట్టు అమ్మాయి, ఆసుపత్రి నర్సు, గోడౌన్ వాచ్‌మన్, ఇలా కొంతమంది వచ్చి చాప మీద కూర్చుంటారు.

"మైనర్ అంటే?" అని అడిగింది ఆ రోజు.

"ఆటలో అరటిపండు," అన్నాడు వాచ్‌మన్.

"భేష్. మరి సబార్డినేట్?"

"పైవాడు తుమ్మితే చిరంజీవ అనేవాడు," అంది నర్సు.

"సెకండరీ?"

"మా అత్తగారింట్లో నేను," అంది బట్టల కొట్టు అమ్మాయి. చాప మీద అందరూ నవ్వారు.

టీచరమ్మ మాత్రం నవ్వలేదు. "మనమూ చిన్న అంటాం. చిన్నాన్న అంటాం, చిన్నమ్మ అంటాం, చిన్నోడా అని పిలుస్తాం. మన చిన్నలో ముద్దుంది. జూనియర్ని ఎవరూ ముద్దు చెయ్యరు," అని, లోపలి గది వైపు చూసి గొంతు పెంచింది. "ఏమండీ, మీరేమంటారు?"

లోపల ఆవిడ భర్త బూట్లు తుడుచుకుంటున్నాడు. ఆయన రైలింజన్లో అసిస్టెంట్ డ్రైవరు. డిపోలో అందరూ సెకండ్ సీటు అని పిలుస్తారు. డ్రైవరు పరీక్ష ఎప్పుడో పాసయ్యాడు. కానీ ఖాళీ రావాలిగా? కుర్చీలో ఉన్నవాడు లేస్తేనే కదా నిలబడ్డవాడు కూర్చునేది! ఆ కుర్చీలో ఉన్నది ఎవరో కాదు, టీచరమ్మకి స్వయానా అన్నయ్య.

ఆ అన్నయ్యని డిపోలో డేగ అంటారు. వయసులో ఉన్నప్పుడు, పొగమంచులో కూడా అందరికంటే ముందు సిగ్నల్ చూసేవాడని ఆ పేరు వచ్చింది. తండ్రి పోయాక చెల్లెల్ని చదివించింది ఆయనే. చెల్లెలి భర్తని రైల్వేలోకి తీసుకొచ్చి, ఇంజన్లో తన పక్కన కూర్చోబెట్టుకున్నదీ ఆయనే. భార్య పోయినప్పటి నుంచి రాత్రి భోజనం చెల్లెలి ఇంట్లోనే. ఇంట్లో ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. మన వరసలు ఎంత మంచివంటే, బావకి బావే, అందులో పైవాడూ కిందవాడూ లేరు. ఇంజన్ మెట్లెక్కితే మాత్రం ఒకరు డ్రైవరు, ఒకరు అసిస్టెంటు.

ఇంజన్లో ఒక పద్ధతి ఉంది. సిగ్నల్ కనబడగానే డ్రైవరు దాని రంగు పైకి చెప్పాలి. అసిస్టెంటు తన కళ్ళతో తాను చూసుకుని, అదే మాట మళ్ళీ పలకాలి. రెండు నోళ్ళూ ఒకటే మాట అన్నాకనే ఆ రంగుకి తగ్గట్టు బండి నడవాలి. గ్రీన్ అయితే పోవచ్చు. ఎల్లో అయితే, ముందు ఆగాల్సి రావచ్చు కాబట్టి నెమ్మదించాలి. రెడ్ అయితే ఆగిపోవాలి. ఏళ్ళ తరబడి డ్రైవరు బావగారు "గ్రీన్" అనడం, అసిస్టెంటు "గ్రీన్" అనడం. అసిస్టెంటు నోరు వెనక నోరు, అంతే.

పోయిన వానాకాలం ఒకరోజు బావగారి నోరు పెగల్లేదు. అద్దం మీద వాన కొడుతోంది. సిగ్నల్ దగ్గరికొచ్చేస్తోంది. ఉండబట్టలేక అసిస్టెంటే "ఎల్లో" అనేశాడు. బావగారు వెంటనే "ఎల్లో" అని బండి నెమ్మదించారు. వాన వల్ల అనుకున్నాడు అసిస్టెంటు. వానలు వెళ్ళిపోయాయి. ఎండలు వచ్చాయి. ముందు నోరు వెనక్కి, వెనక నోరు ముందుకి వచ్చాయి, మళ్ళీ మారలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరూ నోరెత్తలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. కంటి పరీక్ష రోజు అసిస్టెంటు ముందు వెళ్ళొచ్చాడు. వరండాలో బావగారు చెయ్యి పట్టుకుని, "గోడ మీద చివరి వరస అక్షరాలేంటి బావా?" అని అడిగారు. అలా అడగడానికి ఆ మనిషి ఎంత చచ్చిపోయి ఉంటారో అసిస్టెంటుకి తెలుసు. చెప్పేశాడు. చెప్పాక తనని తాను సమాధానపరచుకున్నాడు కూడా. నా కళ్ళు ఉన్నాయిగా, నేను పక్కనే ఉంటానుగా, ఇంకొన్నాళ్ళలో రిటైరవుతారుగా అనుకున్నాడు. మనిషికి అబద్ధం చెప్పాలంటే ఎదుటివాళ్ళు అక్కర్లేదు.

నల్లబల్ల మీద మైనర్ అని రాసిన ఆ సాయంత్రం, బూట్లు తొడుక్కుని డ్యూటీకి వెళ్ళాడు.

ఎండ వాలుతోంది. బండి మంచి వేగంలో ఉంది. ఇంజన్ గదిలో ఏదో వేడెక్కినట్టు ఎదుట బోర్డు మీద చిన్న దీపం వెలిగింది. అలాంటప్పుడు వెనక్కి వెళ్ళి చూసి రావడం అసిస్టెంటు పని.

"వెళ్ళు బావా, చూసిరా," అన్నారు బావగారు.

"మలుపు దాటగానే సిగ్నల్ ఉంది బావా."

"నేనున్నాగా!"

ఆ మాట మీద కోపం ఉంది, పరువు ఉంది. కాదంటే ఇన్నాళ్ళూ దాచిన మాట బయటికి అనాల్సి వస్తుంది. అసిస్టెంటు వెళ్ళాడు. ఇంజన్ గదిలో పెద్ద విశేషమేమీ లేదు. చేతులు తుడుచుకుంటూ తలుపు తీసుకుని వచ్చేసరికి ఎదుట అద్దం నిండా ఎండ. ఆ ఎండలో, పట్టాల పక్కన, ఎర్రగా ఒక చుక్క. బండి వేగం ఏమాత్రం తగ్గలేదు. అంటే మలుపు దాటాక వచ్చిన ఎల్లోని ఎవరూ చూడలేదన్నమాట. బావగారు వెన్ను నిటారుగా పెట్టుకుని, ఆ ఎర్ర చుక్క వైపే చూస్తూ కూర్చున్నారు.

"రెడ్! బావా, రెడ్!"

అరుస్తూనే వెళ్ళి అత్యవసర బ్రేకు లాగాడు. చక్రాలు కీచుమన్నాయి. అసిస్టెంటు బోర్డు మీద పడ్డాడు. బండి ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ పోయి, సిగ్నల్ స్తంభం దగ్గరికొచ్చి ఆగింది. ఆ స్తంభానికి అవతల పట్టాల మీద పనివాళ్ళున్నారు. ఆడవాళ్ళు తట్టలతో కంకర మోస్తున్నారు, మగవాళ్ళు గునపాలతో పట్టా ఎత్తుతున్నారు. కీచుమన్న చప్పుడికి తలలు తిప్పి చూశారు, మళ్ళీ పనిలో పడ్డారు. రెడ్ ఉంది కదా, బండి ఆగుతుంది కదా, వాళ్ళకి భయమెందుకు?

ఒకావిడ మాత్రం తట్ట చంకలో పెట్టుకుని ఇంజన్ దగ్గరికి వచ్చింది. "ఏమైంది సార్, అట్లా ఆపారు?"

"ఏం లేదమ్మా," అన్నాడు అసిస్టెంటు. ఆవిడ సరేనని వెళ్ళిపోయింది.

చివరి పెట్టెలోంచి గార్డు వాకీటాకీలో అడిగాడు, ఏంటి ప్రాబ్లమని. బావగారు అది తీసుకుని, "మైనర్," అన్నారు. తర్వాత బావమరదులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, రెడ్ దాటలేదు, కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు.

మర్నాడు ఇంటికొచ్చిన అసిస్టెంటు, నల్లబల్ల మీద ఇంకా చెరపని ఆ మాటని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. టీచరమ్మ వంటింట్లోంచి వచ్చి ఆయన మొహం చూసింది. ఏళ్ళ కాపురంలో ఆవిడ ఆ మొహం ఎప్పుడూ చూడలేదు.

"ఏమైందండీ?"

ఆయన అన్నీ చెప్పాడు. వానాకాలం, చివరి వరస అక్షరాలు, ఎర్ర చుక్క, తట్ట చంకలో పెట్టుకున్న ఆవిడ, అన్నీ. టీచరమ్మ వింటూ వింటూ కింద కూర్చుండిపోయింది. అన్నయ్య ఈ మధ్య గ్లాసు వెతుక్కోవడానికి ముందు చెయ్యి పెట్టి తడమడం ఆవిడా చూసింది. వయసు కదా అనుకుని ఊరుకుంది.

"పైవాళ్ళకి చెప్పేస్తే?" అంది చివరికి.

"చెప్తే ఏమవుతుందో తెలుసుగా? ఆ కుర్చీ నాకే వస్తుంది. బావ పెట్టిన అన్నం తిని, బావ కుర్చీకే ఎసరు పెట్టాడంటారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడంటారు. డిపో సంగతి సరే, బావగారే అలా అనుకుంటే? చెప్పకపోతే, ఏదో ఒకరోజు..."

"ముందు నుయ్యి, వెనక గొయ్యి," అంది టీచరమ్మ. చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నాకూ తెలుసు. కానీ ఒక్క మాట వినండి. అన్నయ్య ఉద్యోగం పోతే అన్నం నేను పెడతాను. ఆ తట్ట మోసే ఆవిడ పోతే, వాళ్ళింట్లో పిల్లలకి ఎవరు పెడతారు?"

ఆయన నల్లబల్ల మీది ఆ మాటని అరచేత్తో చెరిపేశాడు.

"కాకపోతే మీరు వెళ్ళి ఫిర్యాదు చెయ్యొద్దు. అలా చేస్తే అన్నయ్య ఇంక తలెత్తుకోలేడు. తన నోటితో తనే చెప్పాలి."

"చెప్పడు."

"చెప్పేలా చెయ్యండి మరి. అన్నయ్యకి ఇన్నాళ్ళూ కళ్ళు ఎవరు? మీరేగా!"

ఆ మాట అసిస్టెంటు మనసులో నాటుకుంది. మంచం మీద పడుకున్నాడే గానీ కన్ను మూతపడలేదు. ఇన్నాళ్ళూ తాను బావని కంటికి రెప్పలా కాపాడుతున్నానని అనుకున్నాడు. నిజానికి కంటికి గంతలు కట్టింది తనే. తను ముందు పలకబట్టే కదా, ఆయన చూడక్కర్లేకపోయింది!

మళ్ళీ ఇద్దరికీ కలిపి డ్యూటీ పడింది. పొద్దుటి బండి. ప్లాట్‌ఫారం మీద టీ కేకలు, కిటికీల్లోంచి వీడ్కోలు చేతులు. ఇంజన్లో బావగారు తన కుర్చీలో కూర్చుని, రోజూలాగే చేతిరుమాలుతో బోర్డు తుడిచారు. అసిస్టెంటు తన కుర్చీలో కూర్చున్నాడు. బండి కదలడానికి వేళయింది. ప్లాట్‌ఫారం చివర, కాస్త దూరంలో, సిగ్నల్ ఉంది.

బావగారు ఆ వైపు చూశారు. అసిస్టెంటూ చూశాడు. చూసి ఊరుకున్నాడు.

కొంచెంసేపయ్యాక బావగారు గొంతు సవరించుకున్నారు. "ఊఁ," అన్నారు.

అసిస్టెంటు పలకలేదు.

"చెప్పు బావా. టైమైంది."

"మీరు ముందు చెప్పాలి బావా," అన్నాడు అసిస్టెంటు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "మీరు చెప్తే తర్వాత నేను చెప్తాను. అదీ పద్ధతి. మీరు నేర్పిందే."

బావగారు తల తిప్పి చూశారు. ఆ చూపులో ముందు ఆశ్చర్యం, తర్వాత కోపం వచ్చాయి. కోపం వెనకాల ఒక బతిమాలాట కూడా వచ్చింది. అసిస్టెంటుకి ఆ బతిమాలాటే భరించడం కష్టమైంది. తిడితే పడేవాడు, కొట్టినా పడేవాడు. లేచి పారిపోదామా అనిపించింది. ఎడమ చెయ్యి మాత్రం అత్యవసర బ్రేకు మీద పెట్టుకుని కూర్చున్నాడు.

బావగారు మళ్ళీ ముందుకి తిరిగారు. కళ్ళు చికిలించారు. రుమాలుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చికిలించారు. ఒకప్పుడు పొగమంచుని చీల్చిన కళ్ళు అవి. వెన్ను నిటారుగా చేసుకుని, కంఠం ఎత్తి, పాత రోజుల్లోలాగే ఖంగుమని అన్నారు.

"గ్రీన్."

అసిస్టెంటు తిరిగి పలకలేదు.

ఇంజన్లో ఇన్నేళ్ళలో ఆ మాటకి బదులు రాకుండా ఉన్నది ఎప్పుడూ లేదు. బావగారి చెయ్యి బండి కదిపే పిడి మీద ఉంది. ఆ చెయ్యి అలాగే ఆగింది. కింద ప్లాట్‌ఫారం మీద ఎవరో పిల్లవాణ్ణి కేకేస్తున్నారు. బావగారు పక్కకి తిరగలేదు, ఇంకోసారి అనలేదు, ఏమని అడగలేదు. కాసేపటికి వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పి, పిడి మీంచి చెయ్యి తీసేశారు. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. కుర్చీ పక్కనున్న తన పెట్టె అందుకుని లేచారు.

మెట్లు దిగేటప్పుడు అసిస్టెంటు చెయ్యి అందించబోయాడు. ఆయన పట్టుకోలేదు. పాదంతో మెట్టు వెతుక్కుంటూ, ఒక్కడే దిగి, జనంలోంచి స్టేషన్ మాస్టరు గది వైపు నడిచారు. గుమ్మంలో నిలబడి, "నాకు కనబడటం లేదు, ఇంకో డ్రైవర్ని పిలవండి," అని చెప్పారట. ఆ మాట తర్వాత స్టేషన్ మాస్టరే అందరికీ చెప్పాడు. అంత పెద్ద మాటని అంత మామూలుగా చెప్పిన మనిషిని తాను చూడలేదన్నాడు.

ఆ తర్వాత జరగాల్సినవి జరిగాయి. డాక్టర్లు చూశారు, తల అడ్డంగా ఊపారు. మందులతో, కళ్ళజోళ్ళతో కుదిరేది కాదన్నారు. డిపోలో నోళ్ళు కూడా ఊరుకోలేదు. "సెకండ్ సీటు ఫస్ట్ సీటయ్యాడు, బావ కళ్ళు మూస్తే గానీ బావమరిది కళ్ళు తెరవలేదు," అని టీ కొట్టు దగ్గర అన్నారు. అసిస్టెంటు విన్నాడు. భయపడ్డ మాట చెవిన పడ్డాక అదేమంత గట్టిగా తగల్లేదు. తగిలింది వేరే సంగతి. బావగారు భోజనానికి రావడం మానేశారు.

ఆయన కంచం వంటింటి అరలో బోర్లించి ఉంది. టీచరమ్మ రోజూ క్యారియర్ పట్టుకెళ్ళి అన్నయ్యకి అన్నం పెట్టి వస్తోంది. ఏమన్నారని భర్త అడగడు. ఆవిడా చెప్పదు, చెప్పడానికి ఏమీ లేదు కనక. అన్నయ్య తింటాడు, ఇంట్లో అందరూ బాగున్నారా అంటాడు, బావ పేరెత్తడు. వాళ్ళిద్దరి మధ్య నలిగిపోయింది ఆవిడే. నల్లబల్ల దగ్గర కూడా మునుపటిలా నోరు లేవడం లేదు.

ఒక సాయంత్రం పాఠం జరుగుతుండగా గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. బావగారు! గుమ్మం పట్టుకుని, గడప ఎక్కడుందో పాదంతో చూసుకుని లోపలికొచ్చారు. చాప మీదున్నవాళ్ళు లేచి చోటిచ్చారు. లోపలి గదిలోంచి అసిస్టెంటు వచ్చి నిలబడ్డాడు. కూర్చోమనాలో వద్దో ఆయనకి తెలియలేదు.

"ఏం పాఠం చెల్లెమ్మా?" అన్నారు బావగారు.

"పాత పాఠమే అన్నయ్యా. ముందు తోకల పాఠం."

"అయితే ఇంకోటి రాసుకో. నన్ను స్టోర్సులో వేశారు. అసిస్టెంట్ స్టోర్‌కీపర్." ఆయన నవ్వబోయారు. "ఈ వయసులో నాకూ తోక మొలిచింది."

నర్సు నవ్వబోయి, టీచరమ్మ మొహం చూసి ఆగిపోయింది. టీచరమ్మ సుద్దముక్క పక్కన పెట్టి, ఇవాళ్టికి చాలు, రేపు రండి అని అందర్నీ పంపేసింది. వంటింట్లోకి వెళ్ళి బోర్లించిన కంచం తీసి కడిగింది. ఆ చప్పుడు ముందు గదిలోకి వినబడుతోంది. బావమరదులిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"నీ మీద కోపంగా ఉండేది," అన్నారు బావగారు. "చాలా కోపంగా ఉండేది. కన్నకొడుకులా చూసుకుంటే ఇలా చేశాడే అనుకున్నాను."

"నాకు తెలుసు బావా."

"నిన్న స్టోర్సు ముందు నించి ట్రాక్ పనివాళ్ళు వెళ్తున్నారు. గునపాలు తీసుకోడానికి వచ్చారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, మెట్టుంది సార్ జాగ్రత్త అంది. ఆ రోజు ఇంజన్ దగ్గరికొచ్చినావిడో కాదో నాకు తెలీదు. మొహం కనబడదుగా." ఆయన ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకున్నారు. "ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ పొద్దున నేను గ్రీన్ అన్నాను. నువ్వు పలకలేదు. ఆ తర్వాత ఎవర్నీ అడగలేదు నేను. ధైర్యం చాల్లేదు. ఆ రోజు సిగ్నల్ ఏముంది?"

అసిస్టెంటు ఆయన మొహంలోకి చూశాడు. వంటింటి గుమ్మంలో టీచరమ్మ కంచం పట్టుకుని నిలబడిపోయింది. ఇంకో మాట చెప్పి ఆ మనిషిని ఊరడించవచ్చు. కానీ ఆ ఇంజన్లో ఎన్నడూ ఉన్న రంగు కాక ఇంకో రంగు తాను చెప్పలేదు.

"రెడ్," అన్నాడు.

బావగారు కళ్ళు మూసుకున్నారు. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద, ఇంజన్ కుర్చీలో కూర్చున్నప్పుడు ఉండేలాగే ఉన్నాయి. తర్వాత వెన్ను నిటారుగా చేసుకుని, పద్ధతి ప్రకారం, తిరిగి పలికారు.

"రెడ్."